బాలింత కంచంలోంచి తీసినది తిరిగి ఎప్పుడు పెట్టాలి

కోయంబత్తూరు సింగానల్లూరులోని తెలుగు ఇంట్లో ఆరు వారాల బిడ్డ సాయంత్రం పూట గుక్కపట్టి ఏడిస్తే, తల్లికి మొదట ఎదురయ్యే ప్రశ్న మధ్యాహ్నం ఏం తిన్నావని. పప్పు వేసుకున్నావా, వంకాయ ముట్టావా, పెరుగు కలుపుకున్నావా అని అడుగుతారు. ఆ పూటతో ఒక పదార్థం ఆమె కంచంలోంచి పోతుంది. మర్నాడు మళ్ళీ ఏడిస్తే ఇంకొకటి పోతుంది. మూడో నెల వచ్చేసరికి మెత్తటి అన్నం, మిరియాల చారు, వేయించిన వెల్లుల్లి మిగులుతాయి. పీళమేడులోనూ, మదురై తెలుగు కుటుంబాల్లోనూ, అటు గుంటూరు పల్లెల్లోనూ పద్ధతి ఇదే. మానేసే వస్తువుల పేర్లు మాత్రం ఊరూరికీ మారతాయి.

తల్లి తిన్నది చనుబాల ద్వారా బిడ్డకు పడకపోవడం నిజంగా ఉందా? ఉంటే ఎంతమందిలో? తెలుసుకునే దారేది? ఈ ప్రశ్నల మీద గత 50 ఏళ్ళలో వచ్చిన పరిశోధనలు చదువుతూ పోతే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది. అలాంటి బిడ్డలు ఉన్నారు. కానీ కొద్దిమందే. వాళ్ళకోసం వైద్యం కనుక్కున్న పద్ధతిలో రెండు భాగాలున్నాయి: అనుమానం ఉన్న పదార్థాన్ని కొన్నాళ్ళు ఆపడం, తరవాత తిరిగి పెట్టి చూడడం. మన ఇళ్ళకు మొదటిదే చేరింది. రెండోది చేరకపోవడం వల్ల ఎందరో తల్లులు నెలల తరబడి అకారణంగా ఆకలితో ఉంటున్నారు.

కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో చాలావరకు విజయనగర, మదురై నాయకుల కాలాల్లో దక్షిణానికి వచ్చి స్థిరపడ్డవే. కమ్మవారు, దేవాంగులు, అరుంధతీయులు, ఇంకా ఎన్నో కులాలవాళ్ళు నల్లరేగడి పొలాల్లో, మగ్గాల దగ్గర, తరవాత నూలు మిల్లుల్లో బతుకు కట్టుకున్నారు. ఇంటి మాట తెలుగు, బడి మాట, ఆసుపత్రి మాట తమిళం. బాలింతకు దీనివల్ల రెండు పథ్యాలు కలిసి మీదపడతాయి. అమ్మమ్మ వేడి, చలవ, వాతం లెక్కలు చెబుతుంది. పక్కింటి తమిళ పెద్దావిడ బిడ్డకు మాంతం అనే కడుపు జబ్బు పట్టిందని మరికొన్ని మాన్పిస్తుంది. ఇద్దరూ ప్రేమతోనే చెబుతారు. సుశ్రుత, కాశ్యప సంహితలు కూడా తల్లి ఆహారం వల్ల చనుబాలు చెడతాయనే చెప్పాయి కాబట్టి ఈ నమ్మకం నిన్నమొన్నటిది కాదు. తమిళనాడు బాలింతలు, పాలిచ్చే తల్లులు ఏమేమి మానేస్తారన్నది గాబ్రియెల్లా ఐకింగర్ ఫెర్రో-లుట్సి అనే పరిశోధకురాలు శ్రద్ధగా సేకరించి 1974లో ఒక పోషకాహార పత్రికలో ప్రచురించారు. గర్భిణుల మీద అలాంటి వ్యాసమే అంతకు ముందు సంవత్సరం వచ్చింది. 50 ఏళ్ళు గడిచినా ఆ ఆంక్షల స్వభావం ఇంకా మన వంటింట్లోనే ఉంది.

ఇప్పుడు పాలలోకి ఏది చేరుతుందో చూద్దాం. పప్పు, చిక్కుడు, క్యాబేజీ తింటే పేగుల్లోని సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి, దాంతో వాయువు పుడుతుంది. అది తల్లి పొట్టకే పరిమితం, చనుబాలలోకి రాదు. పెద్దవాళ్ళ అనుభవాన్ని పూర్తిగా తోసేయడానికీ లేదు. 1996లో అమెరికాలో తల్లులను అడిగి చేసిన అధ్యయనంలో క్యాబేజీ, ఉల్లి, ఆవుపాలు తీసుకున్నవాళ్ళ బిడ్డల్లో కడుపునొప్పి ఏడుపు కొంచెం ఎక్కువగా కనిపించింది. అయితే అది తల్లులు గుర్తుచేసుకుని చెప్పిన సమాచారం. బిడ్డ ఏడ్చిన రోజున తిన్నది బాగా గుర్తుంటుంది, ఏడవని రోజు తిన్నది మరచిపోతాం. అందుచేత దాన్ని రుజువుగా తీసుకోలేం.

రుచి, వాసన మాత్రం తప్పక చేరతాయి. జూలీ మెన్నెల్లా, గేరీ బోషాంప్ 1991లో పాలిచ్చే తల్లులకు వెల్లుల్లి ఇచ్చి చూశారు. పాల వాసన మారింది. బిడ్డలు మొహం తిప్పుకోకపోగా ఎక్కువసేపు రొమ్ము పట్టుకున్నారు. బాలింతకు వెల్లుల్లి తినిపించే మన ఆచారానికి ఇంతకంటే మంచి సమర్థన నాకు ఎక్కడా కనపడలేదు. పాలు పెరుగుతాయని పెట్టడం వేరే విషయం. బిడ్డకు మాత్రం ఇంటి వంట రుచి అప్పుడే పరిచయమవుతుంది.

ప్రోటీన్ల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. బీటా-ల్యాక్టోగ్లోబులిన్ ఆవుపాలలో ఉంటుంది, మనిషి పాలలో సహజంగా ఉండదు. అయినా పాలు, పెరుగు తీసుకునే తల్లుల్లో చాలామంది చనుబాలలో అది నానోగ్రాముల లెక్కన కనిపిస్తుంది. వేరుశనగ మీద 2001లో ప్రచురితమైన అధ్యయనంలో 23 మంది తల్లులకు 50 గ్రాముల చొప్పున వేయించిన పల్లీలు పెడితే, 11 మంది పాలలో వేరుశనగ ప్రోటీను దొరికింది. అంటే ఆహారపు ఆనవాళ్ళు కొందరి పాలలోకి వెళ్తాయి, అందరి పాలలోకీ కాదు. వెళ్ళిన ఆ కొద్దిపాటికి రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరిగే బిడ్డలు మరీ తక్కువ.

ఇక్కడ ఒక గందరగోళం తొలగించాలి. బిడ్డకు తల్లిపాలలోని ల్యాక్టోజు పడదంటూ తల్లిని పాలు మానమనడం రెండు వేరు సమస్యలను కలిపేయడమే. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 7 గ్రాముల ల్యాక్టోజు ఉంటుంది. అది రొమ్ములోనే తయారవుతుంది, తల్లి ఆవుపాలు తాగినా మానినా తగ్గదు. ల్యాక్టోజును అరిగించుకోలేని స్థితితో పుట్టే బిడ్డలు అత్యంత అరుదు. చంటిబిడ్డల్లో అసలు అనుమానించవలసింది ఆవుపాల ప్రోటీను పడకపోవడాన్ని.

అది ఎక్కువగా కనిపించే రూపం ఇది. బిడ్డ చక్కగా పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది, నవ్వుతుంది. కానీ విరేచనంలో జిగురు, సన్నటి రక్తపు చారలు కనిపిస్తాయి. సాధారణంగా మొదటి ఆరు నెలల్లోనే వస్తుంది. పెద్దపేగు లోపలి పొర వాచడం వల్ల ఇలా అవుతుంది. తల్లి తన ఆహారంలో పాలు, పెరుగు, మజ్జిగ, పాలకోవా వంటివన్నీ ఆపితే కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో చాలామంది బిడ్డల్లో తగ్గుతుంది. ఏడాది నిండేసరికి ఎక్కువమందికి ఆ ఇబ్బందే ఉండదు. రక్తం చూసిన తల్లి గుండె ఆగినంత పనవుతుంది. ఆమెతో ఇది దాదాపు ఎప్పుడూ ప్రాణం మీదికి రాదని చెప్పేవాళ్ళు ఆ క్షణాన పక్కన ఉండాలి.

అయితే రక్తం కనిపించగానే పెరుగు మీద నేరం మోపకూడదు. మలద్వారం దగ్గర చిన్న చీలిక కావచ్చు. తల్లి చనుమొన పగిలి ఆ రక్తాన్ని బిడ్డ మింగి ఉండవచ్చు. ఇన్ఫెక్షన్ కావచ్చు. పుట్టగానే విటమిన్ కె సూది వేయని బిడ్డయితే అది నిజంగా ప్రమాదకరం కావచ్చు. ఒళ్ళంతా దద్దుర్లు, మళ్ళీమళ్ళీ వాంతి, ఆకుపచ్చ వాంతి, మందకొడితనం, బరువు పెరగకపోవడం కనిపిస్తే ఇంట్లో పథ్యం ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎంతమందిలో ఉంటుందన్నదానికి డెన్మార్క్ లెక్క ఒకటి మనసులో పెట్టుకోదగ్గది. ఆర్నె హోస్ట్ బృందం 1,749 మంది శిశువులను పుట్టుక నుంచి గమనించింది. 1988లో వెలువడిన ఆ ఫలితాల్లో తల్లిపాలు మాత్రమే తాగే దశలో ఆవుపాల ఎలర్జీ తేలినవాళ్ళు 9 మంది, అంటే 200 మందిలో ఒకరు. ఆ తొమ్మిదిమందికీ పుట్టిన తొలి రోజుల్లో ఆసుపత్రిలో ఆవుపాల ఫార్ములా పట్టారని తరవాత బయటపడింది. మన ఊళ్ళలో తల్లిపాలు ఇంకా పడలేదని మొదటి రోజే డబ్బాపాలో, ఆవుపాలో, చక్కెర నీళ్ళో నాలుకకు రాసే అలవాటును ఈ ఒక్క ఫలితం కారణంగానే గట్టిగా ప్రశ్నించాలని నేను అనుకుంటాను. తల్లి మూడో నెలలో తినే పెరుగన్నం మీద మనకున్న భయంలో సగమైనా మొదటి రోజు పట్టే ఆ రెండు చెంచాల మీద లేదు.

అమెరికాలో బోస్టన్ ప్రాంతంలో 903 మంది శిశువులను గమనించి 2020లో ప్రచురించిన లెక్క వేరుగా ఉంది. వైద్యులు పేగు ఎలర్జీ అని పేరుపెట్టిన బిడ్డలు 17 శాతం. కచ్చితమైన ప్రమాణాలు వర్తింపజేస్తే 7 శాతమే మిగిలారు. మిగతా 10 శాతం బిడ్డల తల్లుల్లో చాలామంది అవసరం లేకుండానే పాలు మానేసి ఉంటారు. ఈ తేడాయే నా వ్యాసానికి మూలం.

మన దేశంలో దీనిమీద మార్గదర్శకాలు 2020లో ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చాయి. భారత శిశు జీర్ణకోశ వైద్యుల సంఘం తరఫున రాసిన ఆ పత్రానికి మొదటి రచయిత కోయంబత్తూరు వైద్యుడు జాన్ మత్తాయి. సింగానల్లూరు తల్లికి అవసరమైన మాట ఆమె ఊళ్ళోనే ఉందన్నమాట. అందులోని సారం సూటిగా ఉంటుంది. తల్లిపాలు ఆపకూడదు. తల్లి ఆహారం నుంచి పాల పదార్థాలు రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూడాలి. బిడ్డకు తగ్గితే తిరిగి మొదలుపెట్టి చూడాలి. లక్షణాలు మళ్ళీ వస్తేనే ఎలర్జీ అని నిర్ధారణ. ఆవుపాలు పడకపోతే మేకపాలు, గేదెపాలు ఇవ్వవచ్చన్నది పొరపాటు, వాటి ప్రోటీన్లు దగ్గరి చుట్టాలే.

తిరిగి పెట్టి చూడడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కోలిక్ సంగతి చూడాలి. కారణం లేకుండా రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి, మూడు వారాల పాటు ఏడిస్తే కోలిక్ అనాలని 1954లో మోరిస్ వెస్సెల్ బృందం నిర్ణయించింది. పసిబిడ్డల ఏడుపు ఆరో వారం దగ్గర శిఖరానికి చేరి, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుంది. కాబట్టి ఆరో వారంలో వంకాయ మానేసిన తల్లికి పదో వారంలో వంకాయే కారణమనిపిస్తుంది. ఆ వారాల్లో ఏది మానేసినా అదే అనిపించి ఉండేది. తిరిగి తిన్నాక ఏడుపు మళ్ళీ పెరగకపోతే వంకాయ నిర్దోషి. ఆ పరీక్ష జరగలేదు కాబట్టి వంకాయ మీద ముద్ర పడిపోతుంది, రెండో కానుపుకి కూడా అదే ముద్ర, కూతురి కానుపుకీ అదే.

కోలిక్‌లో ఆవుపాల పాత్ర బొత్తిగా లేదని కూడా కాదు. స్వీడన్‌లో యాకబ్సన్, లిండ్‌బెర్గ్ 1978లో 18 మంది తల్లుల చేత పాలు మాన్పిస్తే 19 మంది బిడ్డల్లో 13 మందికి ఏడుపు తగ్గింది. వాళ్ళు అక్కడితో ఆగలేదు, తిరిగి పాలు ఇచ్చి చూశారు. ఆ 13 మందిలో 12 మందికి ఏడుపు మళ్ళీ వచ్చింది. ఆస్ట్రేలియాలో డేవిడ్ హిల్ బృందం 2005లో పాలు, గుడ్డు, గోధుమ, సోయా, వేరుశనగ, గింజలు, చేప మానిన తల్లుల బిడ్డల్లో 74 శాతం, మానని వాళ్ళలో 37 శాతం మెరుగయ్యారని చూపింది. ఏమీ మానకపోయినా 37 శాతం మెరుగవడం గమనించండి. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి తూచిన 2018 కోక్రేన్ సమీక్ష, సాక్ష్యం చాలా బలహీనమని, దాన్నిబట్టి సలహా ఇవ్వలేమని తేల్చింది. బిడ్డకు ఏ లక్షణమూ లేకుండా ఎలర్జీ రాకుండా ఉండాలని తల్లి ముందుగానే మానేయడం వల్ల ప్రయోజనం లేదని 2012 కోక్రేన్ సమీక్ష అంతకుముందే చెప్పింది.

ఇక మానేయడానికి తల్లీబిడ్డలు కట్టే ధర. దీని చరిత్ర తెలుగునేలదే. కోయంబత్తూరుకు ఎగువన నీలగిరుల్లో కూనూరులో ఉన్న పోషకాహార ప్రయోగశాల నుంచి ఐక్రాయిడ్, కృష్ణన్ 1941లో మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో శిశు మరణాల మీద ఒక వ్యాసం వెలువరించారు. ఆ బెరిబెరి ప్రాంతం ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే మన కోస్తా. అక్కడ పచ్చి బియ్యాన్ని మరలో తెల్లగా పాలిష్ పట్టి తినేవాళ్ళు. తవుడుతో పాటు థయమిన్, అంటే బి1 విటమిన్, పోయేది. తల్లికి అది చాలకపోతే పాలలోనూ చాలదు. రెండు మూడు నెలల బిడ్డ, చూడడానికి బొద్దుగా ఉండి, ఏడుపు గొంతు పెగలక, ఊపిరాడక గంటల్లో చనిపోయేది. చూసేవాళ్ళకు తల్లిపాలే విషమైనట్టు తోచేది. ఇంకొంచెం పథ్యం పెంచితే తల్లికి అందే విటమిన్ ఇంకా తగ్గుతుంది.

అదే కాలంలో తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవాళ్ళు. వడ్లు ఉడికించేటప్పుడు విటమిన్ గింజలోపలికి ఇంకుతుంది, పాలిష్ పట్టినా చాలావరకు నిలుస్తుంది. అందువల్ల అక్కడ బెరిబెరి అరుదు. కోయంబత్తూరు చుట్టుపక్కల కొంగునాడుకు వచ్చి ఉప్పుడు బియ్యం, రాగి, సజ్జ, జొన్నలకు అలవాటుపడ్డ మన తెలుగు కుటుంబాలకు తెలియకుండానే ఆ రక్షణ దొరికింది. ఈనాడు బాలింతకని పాత పచ్చి బియ్యం ఏరి తెచ్చి, పప్పూ కూరలూ ఆపి, చారన్నం మీద ఉంచే ఇంట్లో ఆ రక్షణ కరిగిపోతుంది. ఇది పాత కథేం కాదు. కాశ్మీరులో ప్రసవం తరవాత పాలిష్ బియ్యంతో పరిమిత భోజనం చేసే తల్లుల బిడ్డల్లో థయమిన్ లోపాన్ని వైద్యులు ఈ శతాబ్దంలోనే చూశారు.

కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు మారింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ సంస్థ 2020 లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కిలో కేలరీలు, మొత్తం 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నిజంగా పాలు మానవలసిన తల్లికి అది ఎక్కడినుంచి రావాలి? రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. నువ్వులు, మునగాకు, ముల్లుతో తినే చిన్న చేపలు తోడవ్వాలి. అయినా చాలకపోతే మాత్ర వేసుకోవాలి. శాకాహారి తల్లికి మరో చిక్కు ఉంది. బి12 ఆమెకు పాలు, పెరుగు నుంచి తప్ప వేరే దారిలో దాదాపు రాదు. పాలు మాన్పించిన రోజే బి12 మాత్ర కూడా రాసివ్వకపోతే బిడ్డ నాడుల ఎదుగుదలకే చేటు.

తల్లికి స్వయంగా పడనివి వేరే ఉంటాయి, వాటిని ఎవరూ అడగరు. దక్షిణాదిలో పెద్దవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి పాలలోని ల్యాక్టోజు పూర్తిగా అరగదని 1980ల నాటి పరీక్షలే చూపాయి. పాలు పడాలంటే పాలు తాగాలని రోజుకు మూడు గ్లాసులు తాగిస్తే ఆమె కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి. దాన్ని బిడ్డకు కూడా పడలేదనడానికి గుర్తుగా తీసుకుంటారు. ఆమెకు పెరుగు, మజ్జిగ హాయిగా సరిపోతాయి. పాలు ఊరడానికి కారణం బిడ్డ తరచుగా చీకడమే.

పథ్యం మీద భయం పెరిగినచోట డబ్బా పాలకు దారి తెరుచుకుంటుంది. ఇంగ్లండులో ఆవుపాల ఎలర్జీకి రాసే ప్రత్యేక ఫార్ములా చీటీలు 2006 నుంచి 2016 లోపు దాదాపు 500 శాతం పెరిగాయని, ఎలర్జీ మాత్రం అంతగా పెరిగిన ఆధారం లేదని క్రిస్ వాన్ టుల్లెకెన్ 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మన దేశంలో 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ఆ ప్రచారాన్ని నిషేధించింది. కానీ నీ పాలు బిడ్డకు పడడం లేదని ఇంట్లోవాళ్ళే అంటుంటే ఏ చట్టం అడ్డుకోగలదు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడులో ఆరు నెలల లోపు తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డలు దాదాపు 55 శాతమే.

సింగానల్లూరులో దీన్ని సరిదిద్దడానికి కావలసిన మనుషులు ఇప్పటికే ఉన్నారు. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి అక్కడే ఉంది. బీమా ఉన్న మిల్లు కార్మికురాలికి 2017 నుంచి మొదటి రెండు కానుపులకు 26 వారాల జీతంతో సెలవు దొరుకుతుంది. తమిళనాడు ప్రభుత్వపు ముత్తులక్ష్మి రెడ్డి ప్రసూతి సహాయ పథకం కింద ఇచ్చే పోషకాహార సంచిలో ఖర్జూరం, ఐరన్ టానిక్, ఆవిన్ నెయ్యి ఉంటాయి. బిడ్డ విరేచనంలో రక్తం చూసిన తల్లికి ఆ నెయ్యి కొన్నాళ్ళు పక్కన పెట్టమని చెప్పాల్సినది ఆరోగ్య నర్సే. మానమన్న చీటీ మీదే తిరిగి మొదలుపెట్టవలసిన తేదీ కూడా రాయడం ఆసుపత్రులు వెంటనే చేయగల పని. దద్దుర్లు, ఆగని వాంతులు వచ్చిన బిడ్డ విషయంలో ఆ తిరిగి పెట్టడం ఆసుపత్రిలోనే జరగాలి, తక్కినవాళ్ళకు ఇల్లు చాలు.

ఆరు నెలలు నిండాక ఈ ప్రశ్న కంచం మారుతుంది. తల్లికి వేరుశనగ, గుడ్డు మాన్పించిన ఇల్లు బిడ్డకూ వాటిని రెండేళ్ళ దాకా పెట్టదు. వైద్యులు కూడా ఒకప్పుడు అదే చెప్పారు. అమెరికా శిశువైద్య సంఘం 2000లో ఎలర్జీ కుటుంబాల తల్లులు వేరుశనగ మానాలని, బిడ్డకు మూడేళ్ళ వరకు ఇవ్వవద్దని సలహా ఇచ్చి, 2008లో వెనక్కి తీసుకుంది. గిడియన్ లాక్ బృందం లండన్‌లో ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది శిశువుల మీద చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది లోపే వేరుశనగ మొదలుపెట్టి క్రమం తప్పకుండా తిన్నవాళ్ళలో ఐదేళ్ళకు వేరుశనగ ఎలర్జీ ఎంతో తక్కువగా కనిపించింది. పరీక్ష మొదట్లో చర్మపరీక్షలో స్పందన లేనివాళ్ళలో అది తిన్నవాళ్ళకు 1.9 శాతం, మానినవాళ్ళకు 13.7 శాతం. గింజగా పెడితే గొంతుకు అడ్డం పడుతుంది కాబట్టి వేయించి మెత్తగా నూరి, ఉగ్గులోనో రాగిజావలోనో కలిపి పెట్టాలి. ఇంతకుముందే గట్టి ఎగ్జిమా గాని గుడ్డు ఎలర్జీ గాని ఉన్న బిడ్డకు మాత్రం డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.